రెండు నీలం టిక్కులు

3 నవంబరు 2025, సోమవారం

ఈ ఉదయం డాక్టరుగారు మా అమ్మ జగ్గమ్మను పరిశీలించి, ఇక ఆసుపత్రిలో ఉంచి ప్రయోజనం లేదనీ, ఇంటికి తీసుకుపోయి ఇష్టమైనవి సమకూర్చమనీ మౌఖికంగా ఆదేశించారు. ఆదేశం అమలు చేయడమైనది. అరసవల్లిలో మా ఇంటి ముందు గదిలో మంచం వేయించాను. ముప్పై ఏళ్లుగా జిల్లా కార్యాలయంలో ఫైళ్లు మూస్తున్నాను. ఈ ఫైలు మూయడం తెలియదు.

ఏం కావాలని అడిగాను. నాకేటీ వద్దురా నరసింగా, నౌపడ నుంచి సూరమ్మను ఓపాలి రప్పించు, సూసీసి పోతాను అంది. సూరమ్మ అమ్మకు చెల్లెలు, నాకు పిన్ని; అమ్మను అప్ప అంటుంది. అమ్మ పుట్టింటివైపు మిగిలింది ఆమె ఒక్కతే.

4 నవంబరు, మంగళవారం

నౌపడకు కబురు అందజేసే బాధ్యతను మా అమ్మాయి సుహాసినికి అప్పగించడమైనది. కారణం: నాకు రివ్యూ మీటింగ్. ఉత్తర్వును ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. ఆ సమయంలో ఆమె పక్క గదిలోనే ఉంది. థంబ్స్ అప్ బొమ్మ వచ్చింది.

సుహాసిని ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఇన్‌స్టాలో పద్నాలుగు వేల మంది ఫాలోవర్లు. ఫోన్ ఎదుట హాయ్ గయ్స్ అని మొదలుపెడితే తడబాటన్నది ఉండదు. కిందటి నెల గ్యాస్ సిలిండర్ తెచ్చినతను తలుపు కొడితే మాత్రం, డాడీ ఎవరో వచ్చారు, అని ఆఫీసులో ఉన్న నాకు మెసేజ్ పెట్టింది.

మామ్మతో మాత్రం బాగానే ఉంటుంది. దసరాకు మామ్మ ముఖానికి ఏదో ఫిల్టర్ పెట్టి ఫోటో తీసింది. ముడతలు మాయమయ్యాయి, తల చుట్టూ పువ్వులు వచ్చాయి. నాన్న పోయి పద్దెనిమిదేళ్లు. అమ్మ ఆ ఫోటో చూసుకుని, ఓలమ్మో నేనేనా అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

5 నవంబరు, బుధవారం

నౌపడకు చెప్పావా అని అడిగాను. చెప్పేశాను డాడీ, సీన్ అయింది కూడా, అంది. దూరం నుంచి ఫోన్ చూపించింది. రెండు నీలం టిక్కులు, అవతల చూసినట్టు గుర్తు. మా కార్యాలయంలో ఒక నోటీసు అందినట్టు సంతకం తేవడానికి అటెండరు సోములు మూడు సార్లు తిరుగుతాడు. ఇక్కడ అరనిమిషంలో పని పూర్తయింది. సంతృప్తి వ్యక్తం చేయడమైనది.

6 నవంబరు, గురువారం

సూరమ్మ బయిలెల్లిందేటి అని అమ్మ నాలుగు సార్లు అడిగింది. వస్తోందని నాలుగు సార్లు చెప్పాను.

7 నవంబరు, శుక్రవారం

అమ్మ గంజి కూడా మానేసింది. గేటు కనిపించేలా తలగడ ఎత్తించుకుంది.

నా భార్య దుర్గాభవాని, మీరోపాలి ఫోన్ సెయ్యండి, నోటితో సెప్తే ఆ దారే వేరు అంది. కబురు అందినట్టు రుజువు ఉండగా మళ్లీ చెప్పడం పిన్నిని అనుమానించినట్టు అవుతుందని వివరించాను. ఇది మీ ఆఫీసు కాదు, మీ యమ్మ, అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

నేను ఫోన్ చేయలేదు.

8 నవంబరు, శనివారం

సుహాసిని రీల్ పెట్టింది. మామ్మ చెయ్యి, తన చెయ్యి, మీద ఇంగ్లీషులో మై క్వీన్ అని రాత. సాయంత్రానికి రెండు వేల మూడు వందల లైకులు. గెట్ వెల్ సూన్ బామ్మా అని నాలుగు వందల మంది రాశారు. నౌపడ నుంచి ఎవరూ రాలేదు.

రీల్ నిడివి పదిహేను సెకన్లు. అది పెట్టేశాక కూడా మధ్యాహ్నమంతా ఆ చెయ్యి వదలకుండా కూర్చుంది. అది రీల్‌లో లేదు.

9 నవంబరు, ఆదివారం, ఉదయం 7.20

అమ్మ పోయింది. ముఖం గేటు వైపే ఉంది.

9 నవంబరు, సాయంత్రం

జరిగింది జరిగినట్టు నమోదు చేస్తున్నాను.

ఏడున్నరకు పిన్నికి నేనే ఫోన్ చేశాను. ఎత్తలేదు. అప్పటికి ఆమె రైల్లో ఉందని తర్వాత తెలిసింది.

ఆదివారం కనుక గుడికి వచ్చేవాళ్ల ఆటోలతో వీధి నిండిపోయింది. పిన్ని వీధి చివరే దిగి, భుజాన సంచితో నడిచి వచ్చింది. అప్పటికి టెంటు వేయలేదు. గేటు దగ్గర సుహాసిని ఒక్కతే నిలబడి ఉంది. పిన్ని దాని గడ్డం పట్టుకుని, ఏటమ్మా ఎంత పెద్దదానివైపోనావు, మీ మామ్మ లెగిసి తిరుగుతన్నాదా, పువ్వులెట్టుకుని ఎంత బాగున్నాదో సూసి నాకు పేనం లెగిసొచ్చినాది అంది.

సుహాసిని నోరు తెరిచింది. చేతిలో ఉన్న ఫోన్ వంక చూసుకుంది. బహుశా టైప్ చేసి చూపిద్దామనుకుందేమో.

నేను పది అడుగుల దూరంలో వరండాలో ఉన్నాను. నేనూ ఏమీ అనలేదు. ఈ సంగతి రికార్డులో ఉండాలి.

లోపలి నుంచి దుర్గాభవాని ఏడుపు వినిపించింది. పిన్నికి కబురు చెప్పింది ఆ ఏడుపే.

పిన్ని అమ్మ పక్కన కూలబడి తన ఫోన్ తీసింది. అందులో అమ్మ దసరా ఫోటో. కింద ఇంగ్లీషు అక్షరాల్లో, మామ్మకి సీరియస్‌గా ఉంది, వేగం రండి, అని ఒక వరస, చివర దండం బొమ్మ. అమ్మ ఆసుపత్రిలో చేరిందని పిన్నికి తెలుసు, చదువు మాత్రం రాదు. కొడుకు ఎల్లాజీ ఉప్పు లారీ మీద వెళ్లి వారమైంది. ఆమె ఆ ఫోటోను ఉప్పు మడుల్లో పనిచేసే ఆడవాళ్లందరికీ చూపించి, మా అప్పకి నయమైపోనాది అని చెప్పుకుందట. ఆదివారం తీరిగ్గా వెళ్దామనుకుందట.

ఫోన్‌ను అమ్మ ముఖం పక్కన పెట్టి అటూ ఇటూ చూసింది. నాలుగు రోజుల బట్టి నన్ను సూసి నవ్వతన్నాది కదరా నరసింగా, ఇదేటి, అంది. ఇదేటి, ఇదేటి, అని చాలాసార్లు అడిగింది.

సంచిలో అరటిపళ్లు, జీడిపప్పు, ఒక గులాబీరంగు చీర ఉన్నాయి. అప్ప పువ్వులు పెట్టుకోవడం మొదలుపెట్టింది కదా, రంగు చీర కట్టుకుంటుందని తెచ్చిందట. ఆ చీరే కప్పి పంపించాం.

12 నవంబరు, బుధవారం

ఫోన్ ఎందుకు చేయలేదని సుహాసినిని అడిగాను. గ్రూపులో కాదు. గదిలోకి వెళ్లి అడిగాను.

సీరియస్ అని ఊరికే పెడితే బాగోదని ఫోటో పెట్టానంది. మెసేజ్ అయితే రాసి, చెరిపి, మళ్లీ రాసుకోవచ్చంది. ఆరు సార్లు చెరిపిందట. ఫోన్లో నౌపడ మామ్మ ఏడిస్తే నేనేం చెయ్యాలి డాడీ, అంది.

ప్రశ్న నమోదు చేయడమైనది.

వాస్తవాలు ఇవి. రివ్యూ మీటింగ్ మంగళవారం సాయంత్రం నాలుగింటికి. అమ్మ అడిగింది సోమవారం. మధ్యలో పిన్ని నంబరు మూడు సార్లు తీసి, మూడు సార్లు ఫోన్ జేబులో పెట్టేశాను. ఆమె ఏడిస్తే ఏం చేయాలో నాకూ తెలియదు. దానికి బాధ్యతల అప్పగింత అని పేరు పెట్టాను. ఈ కాలపు పిల్లలకు మనుషులతో మాట్లాడడం రాకుండా చేసింది ఇంటర్నెట్టే అని మా కార్యాలయంలో టీ వేళ అందరం ఏకగ్రీవంగా తీర్మానిస్తుంటాం. నేను చదువుకునే రోజుల్లో ఇంటర్నెట్ లేదు.

24 నవంబరు, సోమవారం

రోజూ ఉదయం ఆరింటికి సుహాసిని ఫోన్ మోగుతోంది. నౌపడ నుంచి ఫోటో. అదే ఫోటో, పువ్వులది. ఎలా పంపాలో ఎల్లాజీ నేర్పాడట. పిన్నికి నొక్కడం వచ్చింది అదొక్కటే.

సుహాసిని చూస్తుంది. అవతల టిక్కులు నీలం అవుతాయి. ఆ తర్వాత మధ్యాహ్నం వరకూ అన్నం ముట్టదు. పంపవద్దని పిన్నికి చెప్పించనా అని అడిగాను. వద్దని తల ఊపింది.

1 డిసెంబరు, సోమవారం, ఉదయం 6.04

ఫోటో వచ్చింది. సుహాసిని నౌపడకు ఫోన్ చేసింది.

మాటలు లేవు. ఏడుపు వినిపిస్తోంది. ఏ వైపు నుంచో తెలియడం లేదు.

ఎవరూ ఫోన్ పెట్టేయలేదు.