పద్మ చేతులు

మంగళవారం

కోపంతో ఒళ్ళు మండిపోతోంది. సోరియాసిస్‌తో చెల్లి పద్మ చేతులు మళ్ళీ పగిలి నెత్తురు కారుతున్నాయి. మండపేట షాపులో యాంటీఆక్సిడెంట్ ఎంజైమ్ క్రీమ్ అమ్మినవాడు డాక్టరు మందు ఆపేయమన్నాడట. ఇది ఆపేసింది.

"ఆ యాంటీఆక్సిడెంట్ ఎంజైముల మీద పరిశోధన జరుగుతున్న మాట నిజమేనండి. కానీ అవి వేడికి పాడైపోతాయి, చర్మంలోకి దిగడమూ కష్టమే. ఈ డబ్బాలో ఏముందో ఎవరికి తెలుసు? మందు మాత్రం మానకూడదు," అన్నారు రాజమండ్రి డాక్టరుగారు.

తిరిగొస్తూ ఆ షాపుకెళ్ళాం. "అందరికీ పడదండి," అన్నాడు వాడు తాపీగా. పద్మ చేతులు పట్టుకుని వాడి కౌంటరు మీద పెట్టాను. చటుక్కున వెనక్కి జరిగాడు.

"భయపడకండి, ఇది అంటుకోదండి," అంది పద్మ, వాడికే ధైర్యం చెబుతూ.

వాడి మీద కోపం సరే. అలా సంజాయిషీ చెప్పుకోవడం దానికి అలవాటు చేసిన మా అందరి మీదా...