బొంతలో కుట్టిన జెండా

1948 శ్రావణం, బుధవారం రాత్రి. సూర్యాపేట.

రేపు కోదాడలో మా పార్టీ ఆడవాళ్ల సభ. అక్కడ ఎగరేయాల్సిన, మా సంస్థానంలో ఇంకా నిషేధంలోనే ఉన్న మూడు రంగుల జెండాను నా బొంత పొరల మధ్య పెట్టి కుట్టాను. సోదాకు వచ్చే పోలీసులు బయట ఉన్న ఆడదాని పక్కబట్టలు తాకరని, ఆ మూడు రోజులూ దానిమీదే పడుకున్నాను. ఎంత తెలివో నాది! నాలుగో రోజు ఆ బట్టలన్నీ చాకలికి పోతాయన్న సంగతే మరిచాను.

తలస్నానం చేసి వచ్చేసరికి బొంత లేదు. చాకలి లచ్చమ్మ ఎప్పటిలాగే అడగకుండా మూట కట్టుకుని పోయింది. పోలీసు ఠాణా బట్టలు ఉతికేదీ ఆమే. మా ఆయన ఇప్పటికే జైల్లో ఉన్నారు. నన్నూ పట్టుకుపోతే పిల్లను ఎవరు చూస్తారు? పొద్దంతా గుమ్మంలోనే కూర్చున్నాను. అన్నం సయించలేదు.

పొద్దుగూకే వేళ బొంత తెచ్చి అరుగు మీద పెట్టింది.

"జర ఆలస్యమైందమ్మా. మబ్బుకు సరిగ ఆరలే."

"అందులో ఏమన్నా..." అని ఆగిపోయాను.

"ఏముంటదమ్మా? బొంతనే గద," అని నా మొహం చూడకుండా వెళ్లిపోయింది.

తలుపేసుకుని తడిమాను. బొంత ఇంకా చెమ్మగానే ఉంది. లోపల జెండా మాత్రం పొడిగా, మడత నలగకుండా ఉంది. నేను కుట్టింది తెల్లదారంతో. ఇప్పుడున్నవి ఎర్రదారం కుట్లు.

తెల్లవారితే లచ్చమ్మ ఉతికిన బట్టలిచ్చేందుకు ఠాణాకు పోతుంది. వీధిలో బూట్ల చప్పుడైతే చాలు, దీపం తగ్గిస్తున్నాను.

భయపడొద్దని రేపు సభలో చెప్పాల్సింది నేనే.