ఒకామె చెప్పిన కథ

వరంగల్,
12-3-1983, శనివారం

పరకాలలో ఉన్న అమ్మకు నీ హన్నా వందనాలు. నేనిక్కడ క్షేమం, అక్కడ నువ్వూ వాడకట్టు వాళ్ళూ క్షేమమని తలుస్తాను. ఆ మాట లేకపోతే నువ్వు మిగతా ఉత్తరం విననే వినవు కాబట్టి రాశాను. ప్రమీలక్కా, స్కూలు నుంచి అలసిపోయి వచ్చి అమ్మకు ఇది చదువుతుంటావు, నీకూ వందనాలు. ఈసారి మాత్రం ఏదీ దాటేయకు, నా మీద ఒట్టు.

నువ్వు అడిగించినవి ముందు చెప్తాను. దగ్గు తగ్గింది. హాస్టల్లో పప్పు నీళ్ళలాగే ఉంది, నువ్వు పంపిన మామిడికాయ తొక్కుతో నెట్టుకొస్తున్నాను. ఇంగ్లీషు దొరల నవలల్లో మన ప్రభువు ఉపమానాలకు ఏం పని అని అడిగావు. విక్టోరియా రాణి కాలంలో నవలలు రాసినవాళ్ళు చిన్నప్పుడు ప్రతి ఆదివారం చర్చిలో కూర్చుని అవి విన్నవాళ్ళేనమ్మా. అందుకే పెద్దయ్యాక ఏ కథ మొదలుపెట్టినా అవే వచ్చి చేరాయి. ఇల్లు విడిచిపోయిన కొడుకు చివరి పేజీల్లో తండ్రి గడప తొక్కుతాడు. ధనవంతుడి గేటు బయట ఒకడు ఆకలితో పడి ఉంటాడు. తప్పు చేసిన ఆడపిల్ల వానలో తలుపు కొడితే ఎవరూ తీయరు. ఈ చివరిది పదిమంది కన్యకల ఉపమానం నుంచి వచ్చిందని నా థీసిస్‌లో అన్నిటికన్నా పెద్ద అధ్యాయం రాశాను.

నీ పుస్తకం పాసయిందా అని కూడా అడిగావు. కాలేదమ్మా.

చర్చిలో అయ్యగారు వాక్యం చదువుతుంటే విని, నువ్వు ఊరూరా తిరిగి ఆ కథ ఎట్లా చెప్తావు? పదిమంది పిల్లలు దివిటీలు పట్టుకుని పెళ్ళికొడుకు కోసం చూస్తుంటారు. అయిదుగురి నూనె అయిపోతుంది. మిగతా అయిదుగురు తమ నూనెలోంచి తలా ఇంత పోస్తారు, పదిమందీ లోపలికి పోతారు. నేను అదే నమ్మి, ప్రభువు తెరిచి ఉంచిన తలుపును ఆ నవలలు రాసినవాళ్ళే మూసేశారని నలభై పేజీలు వాదించాను. ఒక్కసారైనా బైబిలు తీసి చూడలేదు. నీ ఒళ్ళో కూర్చుని విన్న కథకు మళ్ళీ పుస్తకమెందుకు అనుకున్నాను.

బుధవారం నన్ను ప్రశ్నలడగడానికి బయటి ఊరి నుంచి వచ్చిన ప్రొఫెసర్, మత్తయి ఇరవై అయిదో అధ్యాయం తీసి నా ముందు పెట్టాడు. పైకి చదవమన్నాడు. అందులో ఆ పిల్లలు నూనె ఇవ్వరమ్మా. మీకూ మాకూ కలిపి చాలదు, పోయి కొనుక్కోమంటారు. వాళ్ళు తిరిగొచ్చేసరికి తలుపు మూసేసి ఉంటుంది. చదివి పుస్తకం మూశాను. "పుట్టు క్రిస్టియన్‌వి, నీకిది తెలియదా?" అన్నాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

నా గైడు సారంగపాణి సారు తర్వాత గదిలోకి పిలిచి మెల్లగా చెప్పారు. "ఆ అధ్యాయం తీస్తే నీ థీసిస్ నిలవదు. ఆ కథ ఎవరు చెప్పిన్రో పేరు, ఊరు రాసియ్యి. జనం నోట్ల మారిన కథ అని చూపిద్దాం. శుక్రవారం దాటితే నా చేతిల ఏం లేదు బిడ్డా, మూడేండ్ల కష్టం పోతది."

ఇంతవరకూ రాయగలిగాను. రాయలేనిది ఇప్పుడు రాస్తున్నాను. ఆ ప్రొఫెసరు, ఈ కథ నీకెవరు చెప్పారని అందరి ముందూ అడిగాడు. "మా ఊళ్ళో చదువురాని ఒకామె సార్" అన్నాను. ప్రమీలక్కా, ఆగకు, చదువు. ఒకామె అన్నాను. నాట్లేసిన చేతులతో నాకు పలక కొనిపెట్టిన మా అమ్మను ఒకామె అన్నాను.  అప్పటి నుంచి నా మొహం నేనే చూసుకోలేకపోతున్నాను.

నిన్న ఉన్నట్టుండి, నువ్వు కథ చెప్పడానికి నన్ను వెంటబెట్టుకుపోయిన మొగిలమ్మ వాకిలి గుర్తొచ్చింది. అప్పుడు నాకు ఏడేళ్ళేమో. ఆ రోజు నువ్వు కథ పుస్తకంలో ఉన్నట్టే చెప్పావు. మొగిలమ్మ చివాలున లేచింది. "పెండ్లికాడ నూనె అడిగితే లేదంటరా? మొఖం మీద తలుపులేసుడు మాకు ఎర్క లేదా? గీ కథ మాకెందుకు మల్లక్కా?" అంది. నువ్వు ఆమె కొంగు పట్టుకుని కూర్చోబెట్టావు. "జర ఆగరాదు, కథ ఇంక అయిపోలే. పోసిన్రు, తలా ఇంత పోసిన్రు" అన్నావు. మళ్ళీ ఎప్పుడూ వేరేగా చెప్పలేదు. నీది పొరపాటు కాదని నాకు నిన్న తెలిసింది.

కానీ నీ పేరు రాస్తే అది అయ్యగారి దాకా వస్తుంది. వాక్యం మార్చి చెప్పిందని నిన్ను ఊళ్ళల్లో కథ చెప్పనివ్వరు. ఆ పని పోతే నువ్వు ఎట్లా ఉంటావో నాకు తెలుసు. రాయకపోతే నా చదువు పోతుంది. ఎటు చూసినా దారి కనిపించడం లేదమ్మా, భయమేస్తోంది.

గురువారం పరకాల బస్సులో కండక్టర్ ఎల్లస్వామి మామ వస్తాడు, జవాబు అతని చేతికివ్వు. వద్దంటే రాయను, నీ మీద కోపం పెట్టుకోను. నిన్ను అడిగే ముఖం నాకు లేదు. అయినా అడిగితే కాదనరని చెప్పింది నువ్వే. నా దివిటీ ఆరిపోతాంది అమ్మా, జర నూనె పొయ్యి.

ఇట్లు,
ఆ ఒకామె కన్న బిడ్డ,
హన్నా