లాభం అన్నదెవరు

అన్నయ్యా, నేనిక్కడ కులాసా, అక్కడ మీరంతా అలాగే ఉన్నారనుకుంటాను.

పైదేశాలనుంచి చదువుకు వచ్చిన మా ఎనిమిదిమందికీ రోజూ పొద్దున్నే మైదానం చుట్టూ పరుగు తప్పదు. పొగమంచులో ఎవరూ తప్పిపోకుండా, ఆగగానే పక్కపక్కన నిలబడి వరసగా ఎవరి భాషలో వాళ్లు అంకె చెప్పాలి. నాది మొదటి అంకె. కొట్లో ధాన్యం కొలిచేటప్పుడు తాతయ్య ఒకటి అనకుండా లాభం అంటాడుగా, నా నోటికీ అదే వస్తుంది.

నిన్న ఎనిమిదీ అయ్యాక నా వెనకనుంచి, కుంచం ఒంపుతున్నట్టు సాగదీసి, ఎవరో "లాభం" అన్నారు. ఇక్కడ తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. తిరిగి చూస్తే మంచు తప్ప ఏమీ లేదు. వ్యాయామం మాస్టారు మాత్రం పుస్తకంలో తొమ్మిది వేసుకుని, "నీ వెనకాలే పరిగెత్తే పెద్దాయనకి బూట్లు కొనమ్మా, ఈ చలిలో ఒట్టికాళ్లతో వస్తున్నాడు" అన్నారు.

అమ్మతో అనకు, హడలిపోతుంది. నా ఉన్ని మేజోళ్లు పంపు. వదినకి నడుంనొప్పి తగ్గిందా? పెరటి తలుపు గొళ్లెం వేయించారా? పిల్లలకి ముద్దులు, పెద్దలకి నమస్కారాలు.

తాతయ్య బాగున్నాడని నువ్వు రాయకు. ఆయన చేతే రాయించు.

నీ చెల్లి