నాన్న తలపాగా ఈక

అమ్మా, నిన్న రాసిన కార్డు చింపేశాను. మన చిన్ కొండజాతి దినానికి మా స్కూల్లో నాటకం. తరతరాలుగా ఊళ్లనేలిన మన దొరల పాలన ఇక వద్దని మనవాళ్లు ఓటుకి చేతులెత్తిన రోజే కథ. ముందు చెయ్యెత్తేది నేనే. నాన్న కూడా ఒకప్పుడు అలాంటి దొరేనని ఇక్కడెవరికీ చెప్పలేదు. "వేటాడిన ప్రతి జంతువుకీ ఓ తొడ దొరకే ఇచ్చాడే మా తాత. ఆ దొర ఇంటిపిల్ల కనబడితే తొడలన్నీ కక్కిస్తా" అంటుంది నా గదిలో ఉండే తియల్. భయమేసినా నేనూ నవ్వాను.

నాన్నని రావద్దనే నిన్నటి కార్డులో రాశాను, పంపడానికి చెయ్యి రాలేదు. రమ్మను. తలపాగాలో ఆ దొరతనపు ఈక మాత్రం వద్దను. నానమ్మ దగ్గు తగ్గిందా? నా ఎర్ర శాలువా పంపు. అయినా ఈక తీసేస్తే నాన్న చిన్నబోతాడు. పెట్టుకునే రమ్మను. తియల్‌కి ఇవాళే చెప్పేస్తా. నానమ్మకి నా దండాలు.

ఎవరో తలుపు కొడుతున్నారు. తియలే. కార్డు దిండు కింద దాచేస్తున్నా.