మిద్దె మీది జాయింట్

అరకేర,
ఆగస్టు 11, 2024

పూజ్యులైన వాదిరాజ్ మామకు,

మీ మేనకోడలు నేత్ర నమస్కరించి రాస్తున్నది. తడిసి ముద్దయినా ఇక్కడ అందరం క్షేమమే. మీరూ జయాబాయి అత్తా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్‌లో చెబితే మీరు సగంలోనే “ఏ టేపు వాడినవ్? ఎట్ల చుట్టినవ్?” అని అడ్డుపడతారు. అందుకే నిదానంగా రాస్తున్నాను.

పైన డ్యాం గేట్లు ఎత్తడంతో గురువారం కృష్ణ పొంగింది. మా ఆరోగ్య కేంద్రానికి ఎదురుగా నది మధ్యలో ఉన్న గడ్డకు పుట్టి పడవలు తిరగడం ఆగిపోయింది. అక్కడి ఊళ్లో కరెంటు లేక సెల్‌ఫోన్లన్నీ చచ్చిపోయాయి. మిగిలినవి వరద రోజుల కోసమని ఇచ్చిన వైర్‌లెస్ సెట్లే. ఒకటి ఆ ఊరి ఆశా కార్యకర్త తాయమ్మ దగ్గర, ఇంకొకటి మా కేంద్రంలో ఉన్నాయి. మా సెట్టు నుంచి కేబుల్ మిద్దె మీది యాంటెన్నాకు పోతుంది.

శుక్రవారం మధ్యాహ్నం గరగరల మధ్య తాయమ్మ గొంతు వినిపించింది. “డాక్టరమ్మా, ఒక పిల్లకు నొప్పులు మొదలైనయ్. నెలలు నిండలే. ఉమ్మనీరు పోయింది...” అంతే. ఆ తరువాత ఒట్టి హోరు.

సహాయక దళం పడవ ఒడ్డున సిద్ధంగానే ఉంది. కానీ రోజూ దిగే రేవు మునిగిపోయింది. ఏ వైపు ప్రవాహం నెమ్మదిగా ఉందో, బండలు ఎక్కడున్నాయో తెలియకుండా పోతే పడవే బోల్తా కొడుతుందని వాళ్ల నాయకుడు అన్నాడు. ఆయన భయంలో తప్పేం లేదు. ఆ సంగతి చెప్పగలిగింది అవతల ఉన్న తాయమ్మ ఒక్కతే.

మా మందుల గదిలో పనిచేసే ప్రమోద్ బ్యాటరీ మార్చాడు, మీటలన్నీ నొక్కి చూశాడు, “సెట్టే ఖరాబైంది” అని తేల్చేశాడు. నాకు మీ దుకాణంలో వానాకాలం గుర్తొచ్చింది. టీవీలో బొమ్మ రావడం లేదని ఎవరొచ్చినా మీరు, “టీవీని ఏం తిడ్తవ్? ముందుగాల మిద్దె మీద జాయింట్ చూడు పో” అనేవారు. మీరిచ్చిన పనిముట్ల సంచి భుజాన వేసుకొని వానలోనే నిచ్చెన ఎక్కాను. ప్రమోద్ టార్పాలిన్ పట్టుకొని వెనకే వచ్చాడు.

చూద్దును కదా, యాంటెన్నా కింద జాయింట్‌కు మామూలు నల్లటేపు ఒక్క పొర! ఎండకు పెళుసెక్కి పగిలిపోయింది. అదీ పైనుంచి కిందికి చుట్టారు. ప్రతి మడతా పైకి నోరు తెరుచుకొని వాననీళ్లు పడుతోంది. కనెక్టర్ విప్పగానే నీళ్లు నా అరచేతిలోకి కారాయి. లోపలి అల్లిక తీగ నల్లబడింది. కేబుల్ కోస్తూ పోయాను. కోసిన కొద్దీ నలుపే. పొడవు చాలకపోతే ఏం గతి అనుకున్నాను. చివరికి రాగి మెరిసింది. నేను పనిచేసే ల్యాబ్ నుంచి తెచ్చుకున్న స్పిరిట్ దూదితో తుడిచి, ఆరనిచ్చి, కొత్త కనెక్టర్ బిగించాను.

“ఇంగ చాలు నేత్రా, మాట్లాడినంక చుట్టుకోవచ్చు” అని ప్రమోద్ తొందరపెట్టాడు. కింద నుంచి డాక్టరమ్మ “అయిందా?” అని కేక వేసింది. నా మనసూ కిందికే లాగింది. కానీ వాన ఏటవాలుగా కొడుతోంది. టార్పాలిన్ తీస్తే మళ్లీ నీళ్లు దూరతాయి. “పడవ నడిమధ్యల ఉన్నప్పుడు సెట్టు బందైతే ఏం చేద్దాం? కొంచెం గట్టిగ పట్టుకో” అన్నాను.

తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపును బాగా సాగదీసి, కింద కేబుల్ దగ్గర మొదలుపెట్టి పైకి, ప్రతి చుట్టూ కిందిదాన్ని సగం కప్పేలా చుట్టాను. దానికి ఎండ తగలకుండా పైన నల్లటేపు. చివరి చుట్టును సాగదీయకుండా వదిలాను, మీరు మొట్టికాయ వేసి నేర్పిన పాఠం. కిటికీలోకి పోయే చోట కేబుల్‌ను కిందికి వంపు తిప్పి కట్టాను, జారే నీళ్లు అక్కడే రాలిపోయేలా.

నేను దిగేసరికి సెట్టులో తాయమ్మ అరుస్తోంది. “యాడికి పోయిండ్రు అందరు? అప్పటి సంది పిలుస్తున్న!” తిట్లు అంత తియ్యగా ఉంటాయని అంతకుముందు నాకు తెలియదు. డాక్టరమ్మ నా భుజం తట్టి మైకు అందుకుంది.

“రేవు దిక్కు రావొద్దనుండ్రి, బండలున్నయ్. జొన్నచేను దిక్కు నీళ్లు నిమ్మళంగ ఉన్నయ్” అని తాయమ్మ దారి చెబుతూ పోయింది. ప్రమోద్ ఆ మాటలు పడవలోని నాయకుడికి ఫోన్‌లో అందిస్తూ పోయాడు. మధ్యలో ఒక పెద్ద దుంగ కొట్టుకొస్తోందని కూడా తాయమ్మే చూసి చెప్పింది. పడవ పక్కకు తప్పుకుంది. సెట్టు ఒక్కసారి కూడా గరగరలాడలేదు.

ఆ పిల్లను పడవలో తీసుకొచ్చారు, పొద్దుగూకక ముందే మా కేంద్రంలో కాన్పయింది. ఆడపిల్ల. బరువు కొంచెం తక్కువే గానీ ఏడుపు మాత్రం గేటు దాకా వినిపించింది. తల్లి క్షేమం. నిన్నంతా వాన కురిసినా జాయింట్ లోపలికి చుక్క పోలేదు. ఇవాళ ఎండ వచ్చింది, నది తగ్గుతోంది. నేను కడుపు నిండా తిని, హాయిగా నిద్రపోయి లేచి ఇది రాస్తున్నాను.

నిచ్చెన ఎక్కేటప్పుడు కింద ఎవరినైనా పట్టుకోమనండి. అత్తకు నా నమస్కారాలు.

మీ దగ్గర పని నేర్చుకున్న
నేత్ర

తా.క. మామా, ఆ నొప్పులు పడ్డ పిల్ల మన మేఘ. తాయమ్మ అప్పుడే పేరు చెప్పింది, నేనే రాయలేదు. మీ కూతురి పేరు మొదట్లోనే కనబడితే ఉత్తరం మడిచి పక్కన పెట్టేస్తారని భయపడ్డాను. సగంలోనే మీకు అనుమానం వచ్చి ఉంటుంది. అయినా ఇక్కడిదాకా చదివారు, నాకదే చాలు. “వంతెన లేని ఊరికి పోయినోళ్లతోని నాకు మాటల్లేవ్” అని మీరు మేఘ పెళ్లినాడు అన్నది కోపంతో కాదనీ, భయంతోననీ నాకు మొన్న మిద్దె మీద అర్థమైంది. పడవ నుంచి దించుతుంటే మేఘ నా చెయ్యి పట్టుకొని అడిగిన మొదటి మాట, “నాయినకు చెప్పినవా?” అని. తల్లీబిడ్డలను ఇంకొన్నాళ్లు ఇక్కడే ఉంచుకుంటానని డాక్టరమ్మ అంది. రాయచూరులో ఎక్కిన బస్సు మా కేంద్రం ముందే ఆగుతుంది. మీరు నది దాటే పని లేదు. అత్తను తీసుకొని రండి.