పదిహేడు ఒకట్లు

బిట్రగుంట, 4-7-1961

పదిహేడు ఒకట్లు పక్కపక్కన వేస్తే వచ్చే సంఖ్య ప్రైమా, అంటే ఒకటీ తనూ తప్ప ఇంకే సంఖ్యతోనూ శేషం లేకుండా భాగం పోనిదా, కాదా? నాతోపాటు స్కూల్లో లెక్కలు చెప్పే జయరామయ్య నాలుగేళ్ళ కింద స్టాఫ్ రూంలో అడిగాడు. ప్రైమేనని నోరు జారాను. అప్పట్నుంచి సాయంత్రమయితే భాగహారాలే. రెండుతో, మూడుతో మొదలుపెట్టడానికి నేనేం వెర్రివాణ్ణి కాను. దాన్ని భాగించే ప్రైమ్ ఏదైనా ఉంటే, ఆ ప్రైమ్‌ను ముప్పై నాలుగుతో భాగించినప్పుడు ఒకటే మిగలాలి. అలాంటివే ఏరి భాగిస్తున్నాను. ప్రతిసారీ ఎంతో కొంత శేషం ఉంటుంది. రైలింజన్ల షెడ్డు నుంచి బొగ్గు నుసి వచ్చి కాగితాల మీద పడుతుంది. పిచ్చమ్మ మధ్యలో కాఫీ తెస్తే అరుస్తాను. పెళ్ళాం మీద అరవకపోతే నాకు లెక్క సాగదు.

19-7

పిచ్చమ్మ కాళ్ళు వాచాయి. మద్రాసు తీసుకుపోయాను. నెఫ్రైటిస్, మూత్రపిండాల జబ్బు. డాక్టరు నన్నొక్కణ్ణే వరండాలోకి పిలిచి, ఏడాది కూడా కష్టమేనన్నాడు. ఆమెకు చెప్పలేదు. రైల్లో జామకాయలు కొనిచ్చాను.

6-8

నాకు చెప్పకుండా పోలేరమ్మ గుడికి పోయి పువ్వు అడిగింది. రెండు పొట్లాల్లో రెండు రంగుల పువ్వులు కట్టి పెడతారు, చూడకుండా ఒకటి తియ్యాలి. తెల్లపువ్వు వస్తే బతుకుతుంది. ఎర్రది వచ్చిందట. అమ్మవారిని మళ్ళీ అడగకూడదట. అందుకని నా లెక్కను అడుగుతుందట! ఆ లెక్క దేనికీ లొంగనంతకాలం నాకేం గాదయ్యా అంటుంది. లెక్కల మాస్టరు పెళ్ళానివి, సిగ్గులేదా అని ఎగిరాను. ఏందయ్యా నీ అరుపులు, రోజూ లొంగిందో లేదో చెప్పు చాలు అన్నది.

7-8

శేషం ఉంది. చెప్పాను. రెండు ముద్దలు ఎక్కువ తిన్నది.

2-9

అసలు ఈ లెక్క తేలేది కాదు. ప్రైమని రుజువు కావాలంటే పది కోట్ల పైదాకా భాగించాలి. ఇప్పటికి ఇరవై లక్షలు దాటాను. నా ఆయుష్షు చాలదు. ఇన్నాళ్ళూ అదే నా ఏడుపు. ఇప్పుడు అదే మంచిదనిపిస్తోంది. తేలకుండా ఉంటే చాలు. ఛీ, నేనూ పువ్వులడిగే వాళ్ళలో కలిశాను.

11-10, సాయంత్రం 6

20,71,723. శేషం సున్నా.

మళ్ళీ చేశాను. సున్నానే. వచ్చిన భాగఫలం 5,36,32,22,357. రెండూ గుణించి చూశాను. అన్నీ ఒకట్లే వచ్చాయి. నాలుగేళ్ళ కష్టం ఫలించినందుకు ఎగిరి గంతెయ్యాలి. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఏమయ్యా, లొంగిందా అని వంటింట్లోంచి అడిగింది. లేదన్నాను.

12-10

తర్వాతి ప్రైమ్‌తో భాగించాను. శేషం ఉంది. ఉందనే చెప్పాను. ఇవాళ్టికి అబద్ధం కాదు.

3-1-1962

పిచ్చమ్మ మంచం దిగడం లేదు. మొహం ఉబ్బి కళ్ళు పూడుకుపోయాయి. పక్కన కూర్చుని శేషం ఉందన్నాను. ఇంక చాల్లేయ్యా అన్నది. అది లొంగిన రోజే నాకు తెలిసింది, ఆ రోజు నుంచీ నువ్వు నామీద ఒక్క అరుపన్నా అరిచినావా అన్నది. నవ్వింది కూడా. నాకు ఏడుపు ఆగలేదు.

20-1

పిచ్చమ్మ నిన్న పోయింది.

5-2

జయరామయ్య వచ్చాడు. ఎలా పరామర్శించాలో తెలియక లెక్కల మాటెత్తాడు. మద్రాసు లైబ్రరీలో చూశాడట. నా సంఖ్యకు కారణాంకాలు ఎవరో పోయిన శతాబ్దంలోనే కనుక్కున్నారట. పంతొమ్మిది ఒకట్లు మాత్రం ప్రైమేనట. రుజువు కూడా అయిపోయిందట. దాన్ని ఏదీ ఏమీ చెయ్యలేదట.

ఇంకో రెండు ఒకట్లు వేసి ఉండాల్సింది, పిచ్చమ్మా.